తన ఆక్సిజన్ నుంచి తానే దాక్కునే తంతువు

మంచినీటి చెరువుల్లో, సరస్సుల్లో బతికే అనబీనా అనే బాక్టీరియాకు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. అది ఎండను వాడుకుని కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. ఆ పనిలో నీటి అణువులు విడిపోయి ఆక్సిజన్ వెలువడుతుంది. మరోపక్క, నీటిలో నైట్రేటుకూ అమ్మోనియాకూ కరువొచ్చినప్పుడు గాలిలోని నత్రజనినే పట్టుకుని తన ప్రోటీన్లకు వాడుకుంటుంది. ఆ పని చేసిపెట్టే ఎంజైమ్ పేరు నైట్రోజినేజ్. దానికి ఆక్సిజన్ తగిలితే అంతే సంగతులు, నిమిషాల్లోనే పనికిరాకుండా పోతుంది. బతకాలంటే రెండు పనులూ కావాలి. ఒకే కణంలో ఒకే సమయంలో రెండూ పొసగవు.

అనబీనా సయనోబాక్టీరియా అనే కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలోనే కొన్ని ఏకకణ జీవులు కాలాన్ని పంచుకుని ఈ చిక్కు నుంచి బయటపడ్డాయి. పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి నత్రజని స్థాపన. అనబీనా, నాస్టాక్ వంటివి చోటును పంచుకున్నాయి. వాటి కణాలు విభజన తర్వాత విడిపోకుండా వరుసగా అతుక్కుని తంతువుగా ఉండిపోతాయి. ఆ వరుసలో కొన్ని కణాలు ఆక్సిజన్ తయారీని పూర్తిగా మానేసి నత్రజని పనికే అంకితమవుతాయి. బాక్టీరియా అనగానే ఒంటరి కణమే మనసులో మెదులుతుంది. ఈ జీవుల విషయంలో ఆ ఊహ మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఇక్కడ బతికేది కణం కాదు, తంతువు. నీటిమీద తెట్టు కట్టడం నుంచి విషం దాకా వీటి గురించి తెలుసుకోవలసినవన్నీ ఈ ఒక్క మాట పట్టుకుంటేనే అర్థమవుతాయి.

ముందుగా వీటి కుదురు గురించి కొంత. పాత పాఠ్యపుస్తకాలు వీటిని నీలి ఆకుపచ్చ శైవలాలు అన్నాయి. కానీ వీటి కణాల్లో కేంద్రకం లేదు, హరితరేణువులూ లేవు. ఇవి నిఖార్సైన బాక్టీరియా. అయినా మొక్కల్లో ఉండే పత్రహరితం-ఎ వీటిలోనూ ఉంది. అది కణం లోపలి థైలకాయిడ్ పొరల్లో ఉంటుంది. ఆ పొరల మీద ఫైకోసయనిన్ అనే నీలి వర్ణకం, కొన్ని జాతుల్లో ఫైకోఎరిత్రిన్ అనే ఎర్ర వర్ణకం అంటిపెట్టుకుని ఉంటాయి. పత్రహరితం సరిగా పట్టలేని రంగుల కాంతిని అవి పట్టి అందిస్తాయి. దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితం భూమి వాతావరణంలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది ఈ కుటుంబం చలవతోనే. మొక్కల హరితరేణువులు కూడా ఒకప్పుడు మరో కణంలో చేరి స్థిరపడిన సయనోబాక్టీరియా సంతతే. ఇంత చరిత్ర ఉన్న జీవులను చెరువు మురికిగా చూసి ముక్కు మూసుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

తంతువులన్నీ ఒకే తీరుగా ఉండవు. ఆసిల్లటోరియాలో నాణేలు దొంతరగా పేర్చినట్టు పలుచని బిళ్లల్లాంటి కణాలుంటాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. అనబీనాలో కణాలు గుండ్రటి పూసల్లా ఉంటాయి, మధ్యమధ్య వేరే రకం కణాలు కనిపిస్తాయి. నాస్టాక్‌లో మెలికలు తిరిగిన తంతువులు వేల సంఖ్యలో ఒకే జిగురు ముద్దలో ఇమిడి ఉంటాయి. స్టైగోనిమా వంటి వాటిలో కణాలు అడ్డంగానే కాక నిలువునా చీలి నిజమైన కొమ్మలు కూడా వేస్తాయి. సూక్ష్మదర్శిని కింద అనబీనాను చూస్తే పచ్చని కణాల వరుసలో సుమారు పది ఇరవై కణాలకు ఒకటి చొప్పున కాస్త పెద్దగా, పాలిపోయిన రంగులో, దళసరి గోడతో ఒక కణం కనిపిస్తుంది. పక్క కణాలకు అతుక్కునే రెండు కొసల దగ్గరా ఒక్కో మెరిసే చుక్క ఉంటుంది. అదే హెటిరోసిస్ట్. నత్రజని పని చేసే కణం అదేనేమోనన్న ప్రతిపాదన 1968లో వచ్చింది. పీటర్ ఫే, విలియం స్టువార్ట్, ఆంథొనీ వాల్స్‌బీ, గోర్డన్ ఫాగ్ కలిసి దాన్ని ముందుకు తెచ్చారు. ఆ తర్వాతి ప్రయోగాలు దాన్ని రుజువు చేశాయి.

హెటిరోసిస్ట్ తయారీని నిదానంగా చూడాలి, ఎందుకంటే అసలు విశేషమంతా ఇక్కడే ఉంది. నీటిలో నత్రజని లవణాలు తగ్గగానే కణంలో 2-ఆక్సోగ్లుటరేట్ అనే చిన్న అణువు పేరుకుంటుంది. అమ్మోనియా వచ్చి చేరేది ఈ అణువుల మీదే. అమ్మోనియా రాకపోతే ఇవి ఖర్చు కాకుండా మిగిలిపోతాయి. అంటే ఈ నిల్వ పెరగడమే ఆకలికి గుర్తు. ఆ గుర్తును ఎన్‌టీసీఏ అనే ప్రోటీన్ పసిగట్టి, హెట్ఆర్ అనే మరో ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. హెట్ఆర్ లేని తంతువులో ఒక్క హెటిరోసిస్ట్ కూడా పుట్టదు.

ఆకలి తంతువు మొత్తానికీ ఉన్నప్పుడు, పదింటిలో ఒకటే ఎందుకు మారుతుంది? మారడం మొదలుపెట్టిన కణం ప్యాట్ఎస్ అనే చిన్న పెప్టైడును, అంటే పొట్టి ప్రోటీన్ తునకను, తయారుచేస్తుంది. దాని ముక్కలు ఇరుగుపొరుగు కణాల్లోకి పాకి అక్కడి హెట్ఆర్‌ను అణచివేస్తాయి. దూరం పెరిగేకొద్దీ ఆ సందేశం పలుచబడుతుంది, పది కణాల అవతల మరో కణానికి మారే అవకాశం దొరుకుతుంది. ప్యాట్ఎస్ జన్యువును తీసేసినప్పుడు హెటిరోసిస్టులు ఎడం పాటించకుండా పక్కపక్కనే గుంపులుగా పుట్టుకొచ్చాయి. దగ్గర్లో ప్రేరేపించేది, కాస్త దూరం దాకా పాకి అడ్డుకునేది, ఈ రెండూ కలిస్తే చాలు, ఎవరూ కొలతబద్ద పెట్టకుండానే ఒక నమూనా దానంతట అదే ఏర్పడుతుంది. ఇలాంటిది సాధ్యమని అలాన్ ట్యూరింగ్ 1952లోనే గణితంతో చూపించాడు. చిరుతపులి మచ్చల గురించి మాట్లాడేటప్పుడు వాడే ఆ తర్కం ఒక బాక్టీరియా దారంలో, ఒకే వరుసలో, ఇంత తేటగా పనిచేస్తోంది. బహుకణ జీవుల శరీర నిర్మాణం ఎలా మొదలవుతుందో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకన్నా సులువైన పాఠం దొరకడం కష్టం.

మారుతున్న కణం ఒక్కో బంధాన్నీ తెంచుకుంటుంది. నీటిని విడగొట్టే ఫోటోసిస్టమ్-2ను నిలిపేస్తుంది, కాబట్టి లోపల ఆక్సిజన్ పుట్టదు. ఫోటోసిస్టమ్-1 మాత్రం ఉంటుంది, కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును కాంతి నుంచి చేసిపెట్టడానికి. బయట గ్లైకోలిపిడ్‌తో ఒక పొర, దానిమీద పాలీసాకరైడ్‌తో మరో పొర కట్టుకుంటుంది. ఆ కోటను దాటి వాయువులు లోపలికి రావడం కష్టమవుతుంది. అప్పటికీ చొరబడిన ఆక్సిజన్‌ను లోపలి శ్వాసక్రియ ఎంజైములు ఎప్పటికప్పుడు వాడేస్తాయి. ప్రయోగశాలల్లో ఎక్కువగా పెంచే అనబీనా రకంలో మరో విచిత్రం ఉంది. నైట్రోజినేజ్‌కు అవసరమైన ఒక జన్యువు మధ్యలో సుమారు 11 వేల డీఎన్ఏ అక్షరాల ముక్క అడ్డంగా ఇరుక్కుని ఉంటుంది. హెటిరోసిస్ట్ రూపొందే దశలో ఒక ఎంజైమ్ వచ్చి ఆ ముక్కను కత్తిరించి, రెండు కొసలనూ కలిపేస్తుంది. అప్పుడే ఆ జన్యువు పనికొస్తుంది. ఈ సంగతిని జేమ్స్ గోల్డెన్, రాబర్ట్ హేసెల్‌కార్న్, వారి సహచరులు 1985లో వెల్లడించారు. ఈ మార్పులన్నీ పూర్తయ్యేసరికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ కణం ఇక విభజన చెందదు. దానికి సంతానం లేదు. పక్క కణాల సంతానం కోసమే అది పనిచేస్తుంది.

ఆ పని ఎంత ఖరీదైనదో చూడాలి. నత్రజని అణువులో రెండు పరమాణువులను మూడు బంధాలు బిగించి ఉంచుతాయి. వాటిని తెంచడానికి ఎరువుల కర్మాగారాలు 400 డిగ్రీలు దాటిన వేడినీ, వాతావరణ పీడనానికి వందకు పైగా రెట్ల ఒత్తిడినీ వాడతాయి. నైట్రోజినేజ్ మామూలు వేడిలో, మామూలు ఒత్తిడిలోనే ఆ పని చేస్తుంది. ఇనుమూ మాలిబ్డినమూ ఉన్న ఒక లోహ గుచ్ఛం దానికి ఆయువుపట్టు. అయితే ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి కనీసం 16 ఏటీపీలు ఖర్చవుతాయి. హెటిరోసిస్ట్ సొంతంగా కార్బన్‌ను స్థిరీకరించుకోలేదు, అందుకే తిండి కోసం పక్క కణాల మీద ఆధారపడుతుంది. అవి చక్కెరను, ముఖ్యంగా సుక్రోజ్‌ను పంపుతాయి. బదులుగా ఇది గ్లుటమిన్ వంటి నత్రజని పదార్థాలను పంపుతుంది. కొసల్లో మెరిసే ఆ చుక్కలు సయనోఫైసిన్ అనే నత్రజని నిల్వలు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి దారి ఏది? కణానికీ కణానికీ మధ్య గోడలో అతిసన్నని రంధ్రాలుంటాయి. వాటి గుండా ప్రోటీన్ గొట్టాలు ఒక కణం నుంచి మరో కణంలోకి సాగుతాయి. వీటిని కణాంతర సంధులు అనుకోవచ్చు. వీటి నిర్మాణాన్ని అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపిన అధ్యయనం 2019లో వచ్చింది. గొట్టం రెండు కొసలకూ మూతలున్నాయనీ, కణం ఆపదలో పడినప్పుడు ఆ మూతలు మూసుకుని, పరిస్థితి చక్కబడ్డాక తెరుచుకుంటాయనీ అందులో తేలింది. పక్క కణం చనిపోతే దారి మూసేసుకోవడం తంతువుకు ప్రాణరక్షణ, లేకపోతే ఒక్క గాయంతో వరుస మొత్తం కారిపోతుంది. పైగా కణాలన్నింటినీ కలిపి ఒకే వెలుపలి పొర కప్పి ఉంటుంది. ఆ పొర కణానికొకటి కాదు, తంతువుకు ఒకటి. దీన్ని కణాల గుంపు అనడం కన్నా ఒక శరీరం అనడమే సబబని నాకు అనిపిస్తుంది.

శరీరం అన్నాక కదలాలి, విస్తరించాలి, కష్టకాలం గట్టెక్కాలి. ఆసిల్లటోరియా తంతువులు కశాభాలు లేకుండానే గట్టి ఉపరితలం మీద సెకనుకు కొన్ని మైక్రోమీటర్ల వేగంతో జారుతూ పోతాయి, పోతూ అటూ ఇటూ ఊగుతాయి. చీకటి అంచుకు చేరిన తంతువు ఆగి, వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. ఇది వందల కణాలు ఒకేసారి దిశ మార్చుకుంటే తప్ప జరగని పని. నాస్టాక్ తంతువులు తెగి హార్మోగోనియా అనే పొట్టి ముక్కలవుతాయి. ఇవి పాకుతూ కొత్త చోట్లకు వెళ్తాయి, మొక్కల్లోకీ చేరతాయి. సైకస్ వేళ్లలో, గన్నెరా కాండంలో, ఆంథోసిరాస్ దేహంలో నాస్టాక్ స్థిరపడేది ఇలాగే. అజొల్లా ఆకుల గదుల్లోనూ వీటి బంధువు ఒకటి ఉంటుంది. అక్కడ లెక్క మారిపోతుంది. విడిగా ఉన్నప్పుడు పదో ఇరవయ్యో కణాలకు ఒక హెటిరోసిస్ట్ ఉంటే, గన్నెరాలో సగానికి మించిన కణాలు హెటిరోసిస్టులు కాగలవు. చక్కెర మొక్కే ఇస్తుంది కాబట్టి పచ్చని కణాల అవసరం తగ్గిపోతుంది.

కష్టకాలానికి అకైనీట్లు ఉన్నాయి. చలీ, చీకటీ, భాస్వరం కొరతా ముంచుకొచ్చినప్పుడు కొన్ని కణాలు ఆహారం నింపుకుని, గోడ దళసరి చేసుకుని, అడుగు బురదలోకి దిగిపోతాయి. ఇంగ్లండులోని రోస్థర్న్ మియర్ సరస్సు అడుగు మట్టి పొరల నుంచి తీసిన అకైనీట్లలో 64 ఏళ్ల నాటివి కూడా మొలకెత్తాయి.

ఇక నీటిలో పైకీ కిందికీ. నీటిలో తేలే జాతుల కణాల్లో వాయుకోశికలు ఉంటాయి. పూర్తిగా ప్రోటీన్‌తో కట్టిన, రెండు కొసలూ మొనదేలిన బోలు గొట్టాలివి. వీటిని ఎవరూ ఊది నింపరు. నీరు చొరబడలేని గోడ గుండా చుట్టూ ఉన్న వాయువులే లోపలికి చేరతాయి. 1895లో జర్మన్ శాస్త్రవేత్త క్లేబాన్ చేసిన ప్రయోగం ఇప్పటికీ చదవగానే ఉత్సాహం కలిగిస్తుంది. తేలే సయనోబాక్టీరియా ఉన్న నీటితో సీసాను అంచుదాకా నింపి, బిరడా బిగించి, బిరడా మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. ఆ ఒత్తిడికి కణాల్లోని గాలి సందులు కుప్పకూలి, అంతవరకూ పైన తేలుతున్నవన్నీ మెల్లగా అడుగుకు చేరాయి. కూలిన కోశిక మళ్లీ లేవదు, కణం కొత్తవి కట్టుకోవలసిందే.

తేలడం వీటికి ఆయుధం. పగలు కిరణజన్య సంయోగక్రియతో పిండిపదార్థాలు పేరుకుంటే కణం బరువెక్కి కిందికి దిగుతుంది, అక్కడ పోషకాలు దొరుకుతాయి. రాత్రి ఆ నిల్వ ఖర్చయ్యాక తేలికై పైకొస్తుంది. గాలి లేని రోజుల్లో, నీళ్లు కదలకుండా నిలిచినప్పుడు ఈ రాకపోకలకు అడ్డుండదు. నీటిలోని శైవలాలు అడుగుకు జారుతుంటే ఇవి పైకి చేరి వెలుగంతా కాజేస్తాయి. రాత్రికి రాత్రే చెరువు పచ్చబడిందని అనుకుంటాం కానీ, చాలాసార్లు అవి కొత్తగా పుట్టినవి కావు. లోపల చెల్లాచెదురుగా ఉన్నవే పైకి తేలి పోగుపడ్డాయి.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సరస్సు ఉదంతం ఇదంతా కళ్లకు కట్టిస్తుంది. అక్కడ ప్లాంక్టోథ్రిక్స్ రుబెసెన్స్ అనే ఎర్రటి తంతు జాతి ఉంది. దీనికి బర్గండీ రక్తపు శైవలం అన్న పేరుంది. 1476లో అదే దేశంలోని ముర్టెన్ సరస్సు దగ్గర జరిగిన యుద్ధంలో చనిపోయిన బర్గండీ సైనికుల రక్తమే ఆ సరస్సులో పైకి వస్తోందని అక్కడివారు అనుకున్నారట. ఇది వేసవిలో ఉపరితలానికి పది మీటర్లు పైబడిన లోతులో నిలకడగా ఉంటుంది. అంత లోతుకు చేరే మసక పచ్చని వెలుగును పట్టడానికే దాని ఎర్ర వర్ణకం. ఒకప్పుడు చలికాలంలో సరస్సు పైనుంచి కిందిదాకా కలిసిపోయేది. తంతువులు లోతుల్లోకి ఈడ్చుకుపోయి, అక్కడి ఒత్తిడికి కోశికలు కూలి చాలా భాగం నశించేవి. క్లేబాన్ సుత్తి చేసిన పనినే 136 మీటర్ల లోతైన సరస్సు ఏటా చేసేది. శీతాకాలాలు వెచ్చబడ్డాక ఆ కలయిక పైపైనే ఆగిపోతోంది, తంతువులు బతికి బట్టకడుతున్నాయి. మురుగు శుద్ధితో సరస్సులోకి వచ్చే భాస్వరం ఎంతో తగ్గినా ఈ జాతి పెరిగింది. వేడెక్కే వాతావరణం అంటే నీరు వెచ్చబడటం ఒక్కటే కాదని చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణనే ఎంచుకుంటాను.

పోషకాల వాదనలోనూ హెటిరోసిస్ట్‌దే కీలక పాత్ర. కెనడాలోని ఒంటారియోలో 227వ నంబరు సరస్సులో 1969 నుంచి నత్రజనినీ భాస్వరాన్నీ కావాలనే కలుపుతూ వచ్చారు. 1990 నుంచి నత్రజని ఆపేసి భాస్వరం ఒక్కటే వేశారు. అయినా సరస్సు పచ్చగానే ఉండిపోయింది. నత్రజని లోటును గాలి నుంచి పూడ్చుకోగల తంతు జాతులు అక్కడ పైచేయి సాధించాయి. ఆ ప్రయోగం నడిపిన డేవిడ్ షిండ్లర్ బృందం దీన్ని చూపి, అదుపు చేయవలసింది భాస్వరాన్ని అని గట్టిగా వాదించింది. నత్రజని స్థాపన లోటును పూర్తిగా పూడ్చలేదని, ముఖ్యంగా పెద్ద సరస్సుల్లో రెండింటినీ తగ్గించాలని మరికొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. భాస్వరం ముందు అన్న మాట దగ్గర నేను షిండ్లర్ పక్షమే. గాలిలో 78 శాతం నత్రజని ఉంది, భాస్వరానికి గాలిలో అలాంటి నిల్వ లేదు. అయితే నైట్రేటు ఎక్కువైన చోట హెటిరోసిస్ట్ లేని ప్లాంక్టోథ్రిక్స్ వంటివి విజృంభిస్తాయి కాబట్టి నత్రజనిని వదిలేయమని చెప్పలేం.

విషం సంగతి కొత్తది కాదు. 1878లోనే జార్జ్ ఫ్రాన్సిస్ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సులో నాడ్యులారియా అనే తంతు సయనోబాక్టీరియా తెట్టు తాగి గొర్రెలు, గుర్రాలు, కుక్కలు చనిపోవడాన్ని నమోదు చేశాడు. కొన్ని తంతు జాతులు చేసే అనటాక్సిన్ నరాల మీద పనిచేస్తుంది. మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, నీటిని మరిగించినా పోదు. ఒకే జాతిలో కొన్ని రకాలు విషం చేస్తాయి, కొన్ని చేయవు. కంటితో చూసి ఏది ఏదో చెప్పే మార్గం లేదు, పరీక్ష చేయించాల్సిందే. వీటి వల్ల నీటికి వచ్చే మట్టి వాసన కూడా విషానికి కొలమానం కాదు. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, అది విషం కాదు.

1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో జరిగింది మాత్రం అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి. తాగునీటి జలాశయంలో రాఫిడియాప్సిస్ అనే తంతు జాతి పెరిగింది. దాన్ని చంపడానికి మైలుతుత్తం చల్లారు. కణాలు పగిలి లోపలి విషం నీళ్లలో కలిసింది. 148 మంది, ఎక్కువగా పిల్లలే, కాలేయం వాచి ఆస్పత్రుల పాలయ్యారు. బతికున్న కణాన్ని వడపోతతో తీసేయవచ్చు, నీటిలో కరిగిన విషాన్ని మామూలు వడపోత ఆపలేదు. అందుకే తెట్టు ముదిరాక తాగునీటిలో మైలుతుత్తం చల్లడం ఎంత తొందరలో ఉన్నా చేయకూడని పని.

నిలకడగా పనిచేసేది లోపలికి వచ్చే పోషకాలను కట్టడి చేయడమే. దాని ఫలితం వెంటనే కనిపించదు. అడుగు బురదలో ఏళ్ల తరబడి చేరిన భాస్వరం, నీటి అడుగున ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా తిరిగి పైకి వస్తూనే ఉంటుంది. అదే బురదలో అకైనీట్లు కూడా ఉంటాయి. మురుగు మళ్లించిన తర్వాత కూడా కొన్నేళ్లు తెట్టు కడుతుంటే, చేసిన పని విఫలమైందని తేల్చేసి మళ్లీ మందులకు దిగే తొందర చాలాచోట్ల కనిపిస్తుంది. సరస్సును బట్టి కోలుకోవడానికి పదేళ్లు, అంతకుమించి కూడా పట్టవచ్చు. ఆ గడువును మొదటి రోజునే ప్రజలకు చెప్పి పని మొదలుపెట్టాలి.